నేల అమ్ముకుని నడిచిన ఖజానాలు: చైనాపై పాఠకుల ప్రశ్నలు

చైనా ఆర్థిక వ్యవస్థ నెమ్మదించడం గురించీ, షీ జిన్‌పింగ్ పాలన గురించీ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరు ప్రశ్నలను తీసుకున్నాము. మొదటి రెండింటికి జవాబులు కాస్త పొడవుగా ఉంటాయి. మిగిలిన ప్రశ్నలకు ముడి అక్కడే పడింది కనుక పాఠకులు ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: చైనా నగరాల్లో జనం డబ్బు కట్టిన ఫ్లాట్లు లక్షల సంఖ్యలో సగంలో ఆగిపోయాయని చదివాను. అనుకున్న పనిని అనుకున్న గడువుకు పూర్తి చేస్తుందని పేరున్న ప్రభుత్వం ఉండగా ఇలా ఎందుకు జరిగింది?

జవాబు: అక్కడ ఇల్లు కొనే పద్ధతి ఎలాంటిదో ముందు చూడాలి. చైనాలో 1998 దాకా పట్టణ ఉద్యోగులకు పనిచేసే సంస్థే ఇల్లు కేటాయించేది. ఆ ఏడాది ఆ పద్ధతికి స్వస్తి చెప్పి ఇళ్లను మార్కెట్టుకు వదిలాక, కొత్త ఫ్లాట్లలో అధిక భాగం కట్టకముందే అమ్ముడుపోవడం మొదలైంది. కొనేవారు కొంత సొమ్ము చేతి నుంచి కట్టి, మిగతాది బ్యాంకులో అప్పు తీసుకుంటారు. గోడలు లేవకముందే నెలవాయిదాలు మొదలవుతాయి. ఆ డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉండాలని, ఆ భవనానికే ఖర్చు కావాలని నిబంధన ఉంది. కానీ నిర్మాణ సంస్థలు దాన్ని తీసుకెళ్లి వేరే నగరంలో మరో స్థలం కొన్నాయి. అక్కడ కూడా ముందే అమ్మి, ఆ సొమ్ముతో ఇంకోచోట కొన్నాయి. స్థలాల ధర పెరుగుతున్నంత కాలం ఈ గొలుసు తెగలేదు.

2020 ఆగస్టులో ప్రభుత్వమే దాన్ని తెంపింది. 'మూడు ఎర్ర గీతలు' అనే నిబంధనలు పెట్టి, ఆస్తులతో పోలిస్తే బాకీలు ఇంతకు మించకూడదని, సొంత పెట్టుబడితో పోలిస్తే నికర అప్పు ఇంతకు మించకూడదని, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పుకు సరిపడా నగదు చేతిలో ఉండాలని లెక్క గీసింది. గీత దాటిన సంస్థకు కొత్త అప్పు పుట్టదు. సుమారు 2 లక్షల కోట్ల యువాన్ల బాకీలు మోస్తున్న ఎవర్‌గ్రాండ్ సంస్థ 2021 డిసెంబరులో విదేశీ బాండ్ల చెల్లింపు తప్పింది. 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు ఆ సంస్థను మూసివేసి ఆస్తులు అమ్మాలని ఆదేశించింది. ఈలోగా 2023లో, అంతవరకు పద్ధతైనదని పేరున్న కంట్రీ గార్డెన్ కూడా చెల్లింపులు ఆపేసింది. అప్పుల ఊబి నుంచి ఈ రంగాన్ని బయటికి లాగాలన్న ఉద్దేశం సరైనదే అని మా అభిప్రాయం. అయితే అప్పటికే డబ్బు కట్టేసి ఎదురుచూస్తున్న కుటుంబాల సంగతి ఏమిటన్నది ఆ నిబంధనలు రాసినవారు ఆలోచించినట్టు లేదు.

2022 జూన్ చివర్లో, పింగాణీ పాత్రలకు పేరుపడ్డ జింగ్‌దెజెన్ నగరంలో ఎవర్‌గ్రాండ్ ఫ్లాట్లు కొన్నవారు ఉమ్మడిగా ఒక లేఖ విడుదల చేశారు. అక్టోబరు 20లోగా పని పూర్తిస్థాయిలో మొదలుకాకపోతే నవంబరు నుంచి వాయిదాలు కట్టబోమని అందులో రాశారు. కొద్ది వారాల్లోనే దేశమంతటా వందల ప్రాజెక్టుల నుంచి అవే వాక్యాలతో లేఖలు వచ్చాయి. ఇలా ఆగిపోయిన కట్టడాన్ని చైనీయులు 'లాన్‌వెయ్‌లోవ్' అంటారు, అంటే తోక కుళ్లిన భవనం. అద్దె ఒకవైపు, వాయిదా ఇంకోవైపు కట్టలేక కొన్ని కుటుంబాలు కరెంటు, నీళ్లు, లిఫ్టు లేని ఆ అంతస్తుల్లోకే కాపురం మార్చాయి. కిటికీ లేని సందులకు ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని, నీళ్లు కింది నుంచి మోసుకుంటూ అక్కడే ఉన్నాయి. ఇల్లు కట్టి చూడు అన్నది మన సామెత. వారు చూడని ఇంటికి అప్పు కడుతున్నారు.

ప్రశ్న: ధరలు అంత అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంటే స్థానిక ప్రభుత్వాలు ఏం చేస్తున్నట్టు? వాటికి తెలియకుండా జరిగిందా?

జవాబు: తెలియకపోవడమేమిటి, స్థలం అమ్మింది అవే. 1982 రాజ్యాంగం ప్రకారం చైనా నగరాల్లోని నేల ప్రభుత్వానిది, పల్లెల్లోని నేల గ్రామ సమష్టిది. పల్లె భూమిని నగర అవసరానికి మార్చే అధికారం స్థానిక ప్రభుత్వం చేతిలో ఉంది. కాబట్టి అది రైతుల నుంచి తక్కువ పరిహారానికి తీసుకుని, నివాసాల కోసమైతే 70 ఏళ్ల వినియోగ హక్కును వేలంలో నిర్మాణ సంస్థలకు అమ్ముతుంది. మధ్యలో మిగిలేదంతా ఖజానాకే.

దీని వెనుక 1994 నాటి ఒక నిర్ణయం ఉంది. 1978లో మొదలైన ఆర్థిక సంస్కరణల తొలి పదిహేనేళ్లలో పన్నుల రాబడిలో కేంద్రం వాటా తగ్గుతూ వచ్చి 1993 నాటికి 22 శాతానికి పడిపోయింది. అప్పటి ఉప ప్రధాని జూ రోంగ్‌జీ ప్రావిన్సులతో ఒక్కొక్కటిగా బేరమాడి పన్నుల పంపకాన్ని మార్చారు. మరుసటి ఏడాదికే కేంద్రం వాటా 55 శాతం దాటింది. రాబడి పైకి వెళ్లింది గాని బాధ్యతలు కిందే ఉండిపోయాయి. బడులు, ఆసుపత్రులు, రోడ్లు, పింఛన్లు అన్నీ స్థానిక ఖర్చులే. కేంద్రం కొంత తిరిగి పంపుతుంది. చాలనిదాన్ని పూడ్చుకోవడానికి వారికి దొరికిన వనరు నేల ఒక్కటే. 2021లో భూ వినియోగ హక్కుల అమ్మకం ద్వారా చైనా స్థానిక ప్రభుత్వాలకు వచ్చినది 8.7 లక్షల కోట్ల యువాన్లు. 2024 నాటికి అది 4.87 లక్షల కోట్లకు పడిపోయింది. మూడేళ్లలో దాదాపు సగం కరిగిపోయిన ఈ రాబడే, నేటి చైనాలో కనిపించే చాలా ఇబ్బందులకు మూలమని నేను అనుకుంటాను.

దానిమీద అప్పులు వేరు. స్థానిక ప్రభుత్వాలు నేరుగా అప్పు చేయరాదని 1994 బడ్జెట్ చట్టం చెప్పింది. దాంతో అవి కంపెనీలు పెట్టి, వాటికి స్థలాలు రాసిచ్చి, వాటి పేరుమీద బ్యాంకుల్లో అప్పులు తెచ్చాయి. 2008లో ప్రపంచ మాంద్యం వచ్చినప్పుడు కేంద్రం 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపన ప్రకటించింది. అందులో తన చేతి నుంచి పెట్టింది 1.18 లక్షల కోట్లు మాత్రమే. మిగిలినదాన్ని స్థానిక ప్రభుత్వాలు, బ్యాంకులు ఎలాగో సర్దాల్సి వచ్చింది కాబట్టి, ఈ కంపెనీలు ఊరూరా మొలకెత్తాయి.

గుయ్‌జౌ ప్రావిన్సులోని దూషాన్ కౌంటీని చూస్తే చాలు. ఏడాదికి 100 కోట్ల యువాన్ల రాబడి కూడా లేని ఈ కొండప్రాంతపు కౌంటీ 4,000 కోట్ల యువాన్ల అప్పు చేసింది. అక్కడి ష్వే తెగ పేరుమీద, పాత చెక్క మేడలను తలపించేలా 99.9 మీటర్ల ఎత్తున ఒక భవనం లేపి, డబ్బు అయిపోయి మధ్యలో వదిలేసింది. 2020 వేసవిలో ఒక వీడియో ద్వారా దేశమంతా దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది. ఇందుకు బాధ్యుడైన కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి జైలుకు వెళ్లాడు. అప్పు చేసి పప్పు కూడు అని నవ్వేసి వదిలేయవచ్చు గాని, అతని స్థానంలో మరొకరున్నా అదే చేసి ఉండేవారేమో. అధికారిని నియమించేది, పైపదవికి పంపేది పై స్థాయి పార్టీ కమిటీ. ఎంతోకాలం ఆ కమిటీ చూసిన ముఖ్యమైన లెక్క ఆ ప్రాంతపు ఉత్పత్తి పెరిగిందా లేదా అన్నదే. కొన్నేళ్లకు అతను బదిలీ అవుతాడు. కట్టడం అతని పేరుమీద, అప్పు తరువాత వచ్చేవాడి నెత్తిమీద పడుతుంది. తప్పు చేస్తే ఓటుతో దించగలిగేవారు కింద ఎవరూ లేరు.

2024 నవంబరులో ఆర్థిక మంత్రి లాన్ ఫొవాన్, పుస్తకాలకెక్కని స్థానిక అప్పులు 2023 చివరికి 14.3 లక్షల కోట్ల యువాన్లని ప్రకటించి, 10 లక్షల కోట్ల మేరకు వాటిని తక్కువ వడ్డీ బాండ్లుగా మార్చే ఏర్పాటు చేశారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క ప్రకారం ఈ కంపెనీల అప్పు అంతకు చాలా ఎక్కువ. ఏదేమైనా అప్పు రూపం మారిందే తప్ప తీరలేదు. ఈలోగా ఖాళీ ఖజానాల వారు వేరే దారులు వెతికారు. తమ పరిధిలో లేని వేరే ప్రావిన్సు వ్యాపారిపై కేసు పెట్టి, ఖాతాలు స్తంభింపజేసి, జరిమానా వసూలు చేయడం అందులో ఒకటి. చైనీయులు దీనికి 'దూర సముద్రంలో చేపల వేట' అని పేరు పెట్టారు. కేంద్రమే దీన్ని తప్పుబట్టి అదుపు చేయాల్సి వచ్చింది.

ప్రశ్న: షీ జిన్‌పింగ్ మూడోసారి ఎలా కొనసాగగలిగారు? చైనాలో రెండు పర్యాయాల పరిమితి ఉండేది కదా?

జవాబు: ఉండేది, కానీ అది అధ్యక్ష పదవికే. ఆయన చేతిలో మూడు పదవులున్నాయి: పార్టీ ప్రధాన కార్యదర్శి, కేంద్ర సైనిక కమిషన్ ఛైర్మన్, దేశాధ్యక్షుడు. అసలు అధికారం మొదటి రెండింటిది, వాటికి ఏనాడూ రాతపూర్వక పరిమితి లేదు. సంస్కరణలకు ఆద్యుడైన డెంగ్ షియావోపింగ్ అయితే దేశాధ్యక్షుడూ కాలేదు, పార్టీ అధినేతా కాలేదు. సైనిక కమిషన్ పగ్గాలు పట్టుకునే దేశాన్ని నడిపారు. మావో కాలపు అనుభవంతో 1982 రాజ్యాంగంలో అధ్యక్ష పదవికి రెండు పర్యాయాల పరిమితి పెట్టారు. 2018 మార్చి 11న చైనా పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్ దాన్ని తీసేసింది. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా 2, తటస్థంగా 3. ఆ ఇద్దరెవరో తెలుసుకోవాలని మాకూ కుతూహలంగానే ఉంది.

అయితే ఈ పరిమితి కన్నా, రాయకుండానే పాటించిన ఆనవాయితీలు పోవడమే పెద్ద మార్పు. పార్టీ మహాసభ నాటికి 67 ఏళ్లుంటే ఉండవచ్చు, 68 వస్తే దిగిపోవాలి అన్నది ఒక ఆనవాయితీ. 2022 అక్టోబరు మహాసభలో 69 ఏళ్ల షీ కొనసాగగా, ఆ వయసు రాని ప్రధాని లీ కెచియాంగ్ కేంద్ర కమిటీ నుంచే తప్పుకున్నారు. మార్చి సమావేశాల చివర ప్రధాని విలేకరులతో మాట్లాడడం 1993 నుంచి ఏటా జరిగేది, 2024లో దాన్నీ ఆపేశారు. మంత్రిమండలి చూసుకునే ఆర్థిక వ్యవహారాలు ఒక్కొక్కటిగా పార్టీ కమిషన్ల కిందికి వెళ్లాయి.

నిర్ణయం ఒకచోట చేరితే వేగం వస్తుంది, తప్పు దిద్దుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది. 2022 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ పేరుతో సుమారు 2.5 కోట్ల జనాభా ఉన్న షాంఘైని ఇళ్లలో నిర్బంధించారు. నవంబరు 24న ఉరుంచీలో ఒక అపార్ట్‌మెంట్‌లో మంటలు రేగి 10 మంది చనిపోయాక, కోవిడ్ ఆంక్షల వల్లే వారు బయటపడలేకపోయారన్న ఆగ్రహంతో అనేక నగరాల్లో యువత ఏమీ రాయని తెల్లకాగితాలు పట్టుకుని వీధుల్లో నిలబడింది. డిసెంబరు 7న, మూడేళ్లపాటు రాజీలేనిదన్న 'జీరో కోవిడ్' విధానాన్ని దాదాపు రాత్రికి రాత్రే ఎత్తేశారు. వృద్ధులకు తగినన్ని టీకాలు వేయడానికి గాని, ఆసుపత్రులను సిద్ధం చేయడానికి గాని వ్యవధి ఇవ్వలేదు.

ప్రశ్న: చైనాను ఇంకా కమ్యూనిస్టు దేశం అనవచ్చా?

జవాబు: పార్టీని బట్టి చూస్తే అనవచ్చు, అంగడిని బట్టి చూస్తే కష్టం. వారు 1993లో రాజ్యాంగంలో రాసుకున్న మాట 'సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ'. పట్టణ ఉద్యోగాల్లో 80 శాతానికి పైగా ప్రైవేటు రంగానివే అని పార్టీ నాయకులే చెబుతారు. నేల, పెద్ద బ్యాంకులు, విద్యుత్తు, టెలికాం, చమురు ప్రభుత్వానివి. వ్యాపారి సంపాదించుకోవచ్చు, కానీ పార్టీకి పోటీగా నిలబడేంత ఎదగకూడదు. 2020 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఒక సదస్సులో అలీబాబా స్థాపకుడు జాక్ మా, చైనా బ్యాంకులది తాకట్టు దుకాణపు బుద్ధి అని విమర్శించారు. కొద్దిరోజులకే, షేర్లు మార్కెట్టుకు రావడానికి రెండు రోజుల ముందు ఆయన ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ యాంట్ గ్రూప్ షేర్ల ఇష్యూ ఆగిపోయింది. 2021 ఏప్రిల్‌లో అలీబాబాకు 1,822 కోట్ల యువాన్ల జరిమానా పడింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఖజానాకు ప్రైవేటు పెట్టుబడి అవసరమైంది. 2025 ఫిబ్రవరిలో షీ వ్యాపారవేత్తలను పిలిచినప్పుడు అదే జాక్ మా మొదటి వరుసలో కూర్చున్నారు.

ప్రశ్న: ఇళ్ల రంగం అంత దెబ్బతింటే, ఎలక్ట్రిక్ కార్లలో చైనా ప్రపంచాన్ని ఎలా మించిపోతోంది? ఈ రెండూ ఒకే దేశంలో ఎలా సాధ్యం?

జవాబు: బ్యాంకుల డబ్బు ఒక రంగం నుంచి మరో రంగానికి మళ్లింది కాబట్టి. స్థలాల మీద ఆశ వదులుకున్న స్థానిక ప్రభుత్వాలు ఫ్యాక్టరీల కోసం పోటీపడ్డాయి. అన్హుయ్ ప్రావిన్సు రాజధాని హఫెయ్ 2020లో దివాలా అంచున ఉన్న నియో కార్ల కంపెనీలో 700 కోట్ల యువాన్లు పెట్టించి, ఆ కంపెనీ చైనా విభాగపు ప్రధాన కార్యాలయాన్ని తన ఊరికి తెచ్చుకుంది, ఆపై కొంత వాటా అమ్మి లాభమూ చూసింది. ఆ కథ విన్న ప్రతి నగరానికీ తానూ మరో హఫెయ్ కావాలన్న కోరిక పుట్టింది. సామర్థ్యం నిజంగానే పెరిగింది. 2024 రెండో సగం నుంచి చాలా నెలల్లో చైనాలో అమ్ముడైన ప్రయాణికుల కార్లలో సగానికి పైగా బ్యాటరీ కార్లు లేదా పెట్రోలుతోనూ నడిచే ప్లగిన్ హైబ్రిడ్ కార్లే. దీన్ని తక్కువ చేసి చూడడం తెలివితక్కువతనం.

కానీ తన ఊరి కంపెనీ మూతపడడానికి ఏ స్థానిక ప్రభుత్వమూ ఒప్పుకోదు. అందరూ తయారు చేస్తూనే ఉంటారు, కొనేవారు సరిపోరు, కాబట్టి ధరలు కోస్తారు. 2025 మేలో బీవైడీ ఒకేసారి 22 మోడళ్ల ధర తగ్గించి, తన చిన్న కారు సీగల్‌ను 55,800 యువాన్లకు అమ్మకానికి పెట్టింది. ఇతర కంపెనీలు గగ్గోలు పెట్టాయి. అమ్మకాల లెక్క చూపడానికి కొత్త కార్లను రిజిస్టర్ చేయించి, ఒక్క కిలోమీటరూ తిరగకుండానే పాత కార్లుగా అమ్మే తంతు బయటపడింది. విడిభాగాలు ఇచ్చిన చిన్న సంస్థల బిల్లులు నెలల తరబడి పెండింగులో ఉండగా, వాటిని 60 రోజుల్లో చెల్లిస్తామని పెద్ద కంపెనీలు మాట ఇవ్వాల్సి వచ్చింది. చైనీయులు ఈ పరిస్థితిని 'నెయ్‌జ్వాన్' అంటారు. లోపలికి చుట్టుకుపోవడం అని అర్థం. ఎంత శ్రమించినా ఎవరికీ మిగలని పోటీ అన్నమాట. ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధరలు 2022 అక్టోబరు నుంచి 2025 పొడవునా అంతకుముందు ఏడాది కన్నా తక్కువగానే నమోదవుతూ వచ్చాయి. దేశంలో అమ్ముడుపోనిది ఓడలెక్కింది. 2024లో చైనా వాణిజ్య మిగులు లక్ష కోట్ల డాలర్లకు చేరువైంది. అమెరికా, ఐరోపా సుంకాలు పెంచడానికి వేరే కారణాలూ ఉన్నాయి గాని, ఈ మిగులు వాటిలో ముందు వరుసలోనిది.

ప్రశ్న: జనం దగ్గర పొదుపు బాగా ఉందంటారు. మరి వారు ఖర్చు పెడితే ఈ సమస్య తీరదా? ప్రభుత్వం ఆ పని ఎందుకు చేయించలేకపోతోంది?

జవాబు: తీరుతుంది. చైనా ఆర్థికవేత్తలే ఇరవై ఏళ్లుగా ఈ మాట చెబుతున్నారు. దేశం మొత్తం ఉత్పత్తిలో కుటుంబాలు వాడుకునేది 40 శాతం చుట్టుపక్కలే. కానీ వారు పొదుపు చేసేది పిసినారితనంతో కాదు, భయంతో. సగటు కుటుంబం ఆస్తిలో సగానికి పైగా ఇంటిలోనే ఉంది, దాని ధర పడిపోతోంది. చదువు పూర్తయిన పిల్లలకు ఉద్యోగం దొరకడం కష్టంగా ఉంది. 2023 జూన్‌లో 16 నుంచి 24 ఏళ్లవారిలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరగా, ఆగస్టులో ఆ లెక్క ప్రకటించడమే ఆపేశారు. 2024 జనవరిలో విద్యార్థులను మినహాయించి కొత్త పద్ధతిలో లెక్కగట్టి 14.9 శాతమని చెప్పారు. విద్యార్థులను వేరుచేయడంలో తర్కం లేకపోలేదు. అంకె పెరిగినప్పుడే ఆ తర్కం గుర్తుకురావడం మాత్రం అనుమానాలకు తావిచ్చింది.

దానికి తోడు 'హుకోవ్' అనే నివాస నమోదు ఉంది. 1958 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో మనిషికి దక్కే బడి, వైద్యం, పింఛను అతని నమోదు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటాయి. 2023 చివరికి జనాభాలో 66 శాతం పట్టణాల్లో నివసిస్తుండగా, పట్టణ హుకోవ్ ఉన్నవారు 48 శాతం. ఈ రెండింటికీ నడుమ ఉన్న దాదాపు 25 కోట్ల మంది ఇరవై ఏళ్లు నగరంలో ఫ్యాక్టరీ పని చేసినా, కాగితాల్లో ఊరి మనుషులే. చిన్న నగరాలు ఈ ఆంక్షలను చాలావరకు సడలించాయి. పని దొరికే బీజింగ్, షాంఘై సడలించలేదు. ఈ కోట్ల మందికి నగరపు సదుపాయాలివ్వాలంటే ఖర్చు పెట్టాల్సింది మళ్లీ ఆ స్థానిక ప్రభుత్వాలే, వాటి ఖజానాల సంగతి పైన చూశాము.

ఇక కేంద్రం తీరు కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అన్నట్టుంది. ఉచితాలు పంచితే జనం సోమరులవుతారని, సంక్షేమం పేరుతో ఇతర దేశాలు చేసిన పొరపాటు చేయకూడదని షీ 2021లోనే స్పష్టం చేశారు. అందుకే పాత ఫ్రిజ్, పాత కారు ఇచ్చి కొత్తవి కొనేవారికి రాయితీలివ్వడానికి 2025లో 30,000 కోట్ల యువాన్లు కేటాయించారు. అది ఫ్యాక్టరీకి పనికొచ్చే సాయం, ఏదైనా కొనగలిగే స్థోమత ఉన్నవారికే అందుతుంది. 2022 నుంచి జనాభా తగ్గుతోంది కనుక, మూడేళ్లలోపు బిడ్డ ఒక్కొక్కరికి ఏడాదికి 3,600 యువాన్లు ఇస్తామని 2025 జులైలో ప్రకటించారు. కుటుంబాల చేతికి నేరుగా నగదు ఇవ్వడానికి ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. మొత్తం చిన్నదే గాని, దిశ కొత్తది.

పల్లెల్లోని వృద్ధుల మాట ఎవరూ అడగలేదు గాని, ఈ ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది. దేశంలో 60 కోట్ల మంది నెలసరి ఆదాయం సుమారు 1,000 యువాన్లేనని 2020 మేలో అప్పటి ప్రధాని లీ కెచియాంగ్ విలేకరుల ముందు చెప్పినప్పుడు, సొంత దేశంలోనే చాలామంది నమ్మలేకపోయారు. ఉద్యోగ బీమా లేని గ్రామీణ వృద్ధులకు కేంద్రం నిర్ణయించిన కనీస మూల పింఛను 2024లో నెలకు 123 యువాన్లు. మరుసటి ఏడాది అది 143 అయింది.